ఇద్దరూ, లేకపోతే ఎవరూ వద్దు

శనివారం పొద్దున లూథర్ వెనక వరండాలో కుర్చీ వేశాడంటే ఆ ఇంట్లో కొడుకులకు క్షవరం రోజని లెక్క. ఊళ్ళో సగం తలలు లూథర్ షాపులో నున్నబడినవే. కొడుకుల తలలు మాత్రం అతను షాపులో ముట్టుకోడు. వాళ్ళకి ఇంటి వెనకే, కాలు కాస్త ఊగే పాత వంటింటి కుర్చీలో, ఒకరి తరవాత ఒకరికి. ముందు పుట్టాడు గనక రోడ్నీ ముందు కూర్చోవాలి. తరవాత ఆంట్వాన్.

వాళ్ళిద్దరూ కవలలంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. రోడ్నీ వాళ్ళ నాన్నంత ఎత్తు. ఆంట్వాన్ గుమ్మాలన్నిటికీ తల వంచి బతికే మనిషి. "కడుపులో ఉన్నప్పుడే వీడు నా వాటా కూడా తినేశాడు" అని రోడ్నీ అందరికీ చెబుతాడు. ఆంట్వాన్ నవ్వుతాడే గానీ కాదనడు.

వంటింట్లో ఎర్లీన్ చేపలు వేయిస్తోంది. వారమంతా ఫ్యాక్టరీలో జెల్ల చేపలు కోసే మనిషి సెలవు రోజున మళ్ళీ అవే చేపలు వేయించడమేమిటని లూథర్ ఏడిపిస్తుంటాడు. పిల్లలు కాలేజీ నుంచి ఇంటికొచ్చినప్పుడు ఆవిడకి అదో పండగ. కానీ ఈసారి చెయ్యి వంట మీద ఉన్నా, మనసు మాత్రం సోమవారం మీదే ఉంది.

సోమవారం సాయంత్రం ఐదింటిదాకే గడువు. ఆంట్వాన్ తన పేరు దేశంలోని పెద్ద బాస్కెట్‌బాల్ జట్ల ఎంపికకి ఇచ్చి ఉన్నాడు. కాలేజీ చదువు ఇంకా రెండేళ్ళుంది. ఐదింటిలోగా ఫోన్ చేసి పేరు వెనక్కి తీసుకుంటే మళ్ళీ కాలేజీ జట్టులోకి వెళ్ళొచ్చు. తీసుకోకపోతే కాలేజీ ఆట అంతటితో సరి. పెద్ద జట్లవాళ్ళు పిలిచి ఆడించి చూశారు, భుజం తట్టారు, ఒక్కరూ మాట మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు ఎంచుకుంటే ఎంచుకున్నట్టు, లేకపోతే లేదు.

మిస్ ఓపల్ వెనక గేటు తోసుకుని వచ్చింది. పక్కింటావిడ. చర్చిలో పాటలన్నీ ఆవిడ గొంతులోంచే లేస్తాయి. చేతిలో గుడ్డ కప్పిన కేకు ఉంది.

"ఏడమ్మా మన పెద్ద ఆటగాడు? ఇంకొన్నాళ్ళు పోతే మమ్మల్ని గుర్తుపడతాడో లేదో, ఇప్పుడే ఓ ముక్క తినిపించి పోదామని వచ్చా."

"ఇంకా ఏమీ తేల్లేదు మిస్ ఓపల్" అంది ఎర్లీన్.

"తేలేదేముంది? రేపు పాస్టరుగారు అందరి ముందూ నిలబెట్టి ప్రార్థన చేస్తారు. నేను చెప్పేశాగా." ఎలాగూ వచ్చాను గదా అని రోడ్నీ వైపు కూడా చూసింది. "నువ్వు కూడా నిలబడు నాన్నా, అన్నవి గదా."

రోడ్నీ "అలాగేనండీ" అన్నాడు. ఎప్పుడూ అంతే. ఎవరు ఏ చివర నిలబడమన్నా నిలబడతాడు. ఎర్లీన్‌కి మాత్రం ఆ 'కూడా' అన్న మాట చెవిలో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

రెండేళ్ళ కిందట కాలేజీ కోచ్ వీళ్ళింటికి వచ్చాడు. కుర్రాళ్ళ కోసం వచ్చే కోచ్‌లందరిలాగే ముందుగదిలో కూర్చుని, ఎర్లీన్ పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం రెండుసార్లు వడ్డించుకుని తిని, ఆంట్వాన్‌ని ఆకాశానికెత్తాడు. పిల్లలు వీధిలో ఉన్నారు, లూథర్ షాపులో ఉన్నాడు. ఎర్లీన్ చేతులు తుడుచుకుని ఒకే ఒక్క మాట అంది. "ఒకే కడుపున పుట్టారు బాబూ. ఇద్దరినీ తీసుకెళ్ళండి, లేకపోతే ఎవరూ వద్దు." కోచ్ చెంచా కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. "సరేనమ్మా. ఆంట్వాన్ మా చొక్కా వేసుకున్నంత కాలం రోడ్నీ చదువూ తిండీ మావి" అన్నాడు. ఆ మాటలో మొదటి సగం ఎర్లీన్ చెవికెక్కలేదు. మంచినీళ్ళకని వెనక గుమ్మంలోంచి వచ్చిన ఆంట్వాన్ చెవికి మాత్రం మొత్తం ఎక్కింది. వెళ్ళేటప్పుడు కోచ్ వీధిలో బంతి ఆడుతున్న రోడ్నీని చూసి "నీ ఎడమచెయ్యి దేవుడిచ్చిందయ్యా" అన్నాడు. రోడ్నీ ఈ రెండేళ్ళూ ఆటలోకి దిగకుండా బెంచీ చివర కూర్చుని, ఆ ఒక్క మాట మీదే బతికాడు. పొద్దున ఇంజనీరింగు పుస్తకాలు, సాయంత్రం ఎడమచేతి సాధన.

మిస్ ఓపల్ గేటు దాటిందో లేదో, వరండా మెట్ల మీద కూర్చున్న ఆంట్వాన్ నెమ్మదిగా అన్నాడు. "నాన్నా, నేను పేరు వెనక్కి తీసుకుంటున్నా."

లూథర్ చేతిలో క్షవరం మిషన్ ఆగింది. అప్పటికి రోడ్నీ తల కుడివైపు అయింది, ఎడమవైపు జుట్టు అలాగే ఉంది.

"ఏమన్నావ్?"

"ఇంకో ఏడాది ఆడతా. తొందరేముంది."

"తొందరేముందా? మొన్నటిదాకా నిద్రలో కూడా అదే కలవరించావుగా. షాపులో అడిగినవాడికల్లా మావాడు వెళుతున్నాడని చెబుతున్నా నేను."

"నేను చెప్పమన్నానా నాన్నా?"

రోడ్నీ మెడ చుట్టూ ఉన్న గుడ్డతోనే వెనక్కి తిరిగాడు. వాడికి అంత కోపం రాగా ఎర్లీన్ ఎప్పుడూ చూడలేదు. "ఎందుకురా?"

"కాలేజీ బాగుంది."

"కాలేజీ బాగుందా? నువ్వా అనేది? పరీక్ష ముందు రోజు పుస్తకం ఏ రంగులో ఉంటుందని నన్నడిగేవాడివి."

"ఒరేయ్ రోడ్నీ, నా ఇష్టంరా. నీకెందుకు?"

"నాకెందుకా? పిరికిపందా. అమ్మా, వీడి ప్యాంటు పైకి లాగి ఎడమ మోకాలు చూడు."

"నోరుముయ్" అన్నాడు ఆంట్వాన్.

"రెండు నెలల్నించీ ముయ్యమంటే మూశా. ఇక ముయ్యను. అమ్మా, ప్రతి ఆట అయ్యాకా గదిలో తలుపేసుకుని వాడి మోకాలికి ఐస్ కట్టేది నేను. డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఆ మోకాలు ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో ఆడుతుంది, అంతే. ఉన్న ఆ రెండేళ్ళూ వీడు కాలేజీకి ఊరికే ఆడి పెడతాడట. మోకాలు పోయాక ఇంటికొచ్చి కూర్చుంటాడట. ఇప్పుడు వెళ్ళి ఆడితే కనీసం దాని ఖరీదైనా చేతికొస్తుంది గదా. ఏదీ, నీ తొందర లేని మాట ఇప్పుడనరా."

ఎర్లీన్‌కి  పొయ్యి మీద నూనె మాడుతున్న వాసన వస్తోంది, కట్టేయడానికి చెయ్యి రాలేదు. పిల్లాడు మెట్లు పక్కకి తిరిగి దిగుతుంటే, పొడుగు మనిషి గనక అలా దిగుతున్నాడనుకుంది. కన్నతల్లి అనుకోవలసిన మాటేనా అది?

ఆంట్వాన్ తల్లి వైపు చూశాడు. చెప్పకు అని ఆ చూపుకి అర్థం. కోచ్ మాటలో ఆనాడు చెవికెక్కని మొదటి సగం ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చింది. చెప్పకపోతే వీడి మోకాలు ఆ రెండేళ్ళకీ అయిపోతుంది. చెబితే పెద్దవాడి ప్రాణం చచ్చిపోతుంది. ఇద్దరూ తన బిడ్డలే. ఎటు నోరు తెరిచినా ఒకడికి తగులుతుంది. దేవుడా, ఇంత చిన్న నోటికి ఇంత పనేమిటని ఏడుపొచ్చింది ఆవిడకి.

"వాడు నీ కోసం ఆగుతున్నాడు రోడ్నీ" అంది.

"అమ్మా" అన్నాడు ఆంట్వాన్.

"నేనే అన్నాను. ఇద్దరినీ తీసుకెళ్ళండి, లేకపోతే ఎవరూ వద్దని. తమ్ముడున్నంత కాలమే నీ చదువు వాళ్ళదన్నాడాయన. వాడు వెళ్ళిపోతే నీ చోటు ఉండదు."

 లూథర్ మిషన్ ఆపి జేబులో పెట్టుకోబోయి, అది జేబులో పట్టదని అప్పుడు చూసుకుని బల్ల మీద పెట్టాడు. ఈ సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది. రోడ్నీ మెడ నుంచి గుడ్డ విప్పి, జాగ్రత్తగా మడిచి, కుర్చీ మీద పెట్టి, మెట్లు దిగి గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.

"సగం తలతో వీధిలోకి ఎక్కడికిరా?" అన్నాడు లూథర్. 

మధ్యాహ్నం లూథర్ వెళ్ళి షాపు తెరిచాడో లేదో ఫోన్ మోగింది. మంగలి కొడుకు సగం తలతో చర్చి వెనక ఒక్కడే ఎండలో బంతి వేస్తున్నాడట, నీ చేతికేమైనా వాతమొచ్చిందా లూథర్ అని ఎవరో నవ్వారు. లూథర్ నవ్వలేదు. ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పి పెట్టేశాడు.

ఎర్లీన్ పళ్ళెంలో చేపలూ రొట్టే సర్ది, పైన గుడ్డ కప్పి బయల్దేరింది. ఆంట్వాన్ నేనూ వస్తానంటే వద్దంది. మిసిసిపీ జూన్ ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకి అంటుతోంది. చర్చి వెనక స్తంభానికి ఒకటే ఇనప చట్రం, దానికీ వల లేదు. రోడ్నీ ఎడమచేత్తో బంతి వేస్తున్నాడు, తెచ్చుకుంటున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు. కొన్ని పడుతున్నాయి, కొన్ని ఇనప చట్రానికి తగిలి పోతున్నాయి.

"తిను నాన్నా" అంది కంచె పక్కన నిలబడి.

వాడు బంతి చంకలో పెట్టుకుని వచ్చాడు. చెమటో కన్నీళ్ళో తెలియలేదు. "అమ్మా, ఒక్క మాట అడుగుతా. నా ఎడమచెయ్యి గురించి ఆయన అన్నది కూడా నీ కాబ్లర్ తిన్నాక అన్నదేనా?"

కాదు నాన్నా, నిజంగానే అన్నాడు అనే మాట ఎర్లీన్ నాలుక చివరిదాకా వచ్చింది. వాడు పుట్టినప్పటి నుంచీ వాడి మొహం చూసి అబద్ధమాడలేదు. ఆటంటే బంతి వలలో పడాలన్నంత వరకే తెలుసు ఆవిడకి.

"నాకు తెలీదురా" అంది. "నిన్నొక్కడినీ ఇక్కడ వదలడానికి మనసొప్పలేదు. అంతే నాకు తెలిసింది."

వాడు చాలాసేపు పళ్ళెం వైపు చూశాడు. తరవాత ఓ చేపముక్క తీసుకుని నిలబడే తిన్నాడు. ఆవిడ చీర కట్టే మనిషి అయితే కొంగుతో వాడి మొహం తుడిచేది. చేతిలో ఉన్న గుడ్డతోనే తుడిచింది, వాడు మొహం తిప్పుకోలేదు.

పొద్దుగూకే ముందు రోడ్నీ ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీ వేసింది వేసినట్టే ఉంది, లూథర్ తియ్యలేదు. వాడు వచ్చి కూర్చుని, గుడ్డ మెడకి తానే చుట్టుకున్నాడు.

"నాన్నా, మిగతా సగం కానియ్."

లూథర్ మిషన్ అందుకున్నాడు. ఆంట్వాన్ గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. 

"కోచ్‌కి ఫోన్ చేశా" అన్నాడు రోడ్నీ, ఎదురుగా గోడ చూస్తూ. "వచ్చే ఏడాది నేను రావడం లేదని చెప్పా. జట్టులో లేను, ఆయన సొమ్మూ వద్దు. ఇక్కడి కాలేజీలో చేరతా. పొద్దున షాపు ఊడుస్తా, సాయంత్రం చదువుకుంటా. ఇంజనీరు కావడం రెండేళ్ళు ఆలస్యమైతే వంతెనలేమీ పారిపోవు."

"ఎంత పని చేశావురా" అన్నాడు ఆంట్వాన్.  "నన్నెవరూ తీసుకోకపోతే? ఇద్దరం మునుగుతాం గదా."

"మునిగితే మునుగుదాం. నన్ను అడ్డం పెట్టుకుని ఆగొద్దు, అంతే. ఆగాలనుంటే నీ కోసం ఆగు. ఇప్పుడు నేనక్కడ లేను, చూసుకో."

ఆంట్వాన్ అంత పొడుగు మనిషి అక్కడే గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లూథర్ మిషన్ ఆపలేదు.  ఎర్లీన్ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. ఏ కొడుకు దగ్గరికి ముందు వెళ్ళాలో తెలియక ఎవరి దగ్గరికీ వెళ్ళలేకపోయింది.

ఆదివారం పాస్టరుగారు పిలిస్తే ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు. సోమవారం లూథర్ షాపు పెందరాళే కట్టేసి వచ్చాడు. నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో ఫోన్ ఉంది. మిస్ ఓపల్ కేకు ఇంకా సగం మిగిలే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

ఐదవబోతుండగా ఆంట్వాన్ చెయ్యి ఫోన్ వైపు జరిగింది. రోడ్నీ కదల్లేదు. లూథర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆంట్వాన్ తల్లి మొహంలోకి చూశాడు. ఏదో ఒకటి చెప్పమ్మా, వెళ్ళమనో ఉండమనో, నువ్వంటే అదే చేస్తా అన్నట్టుంది ఆ చూపు.

ఎర్లీన్ నోరు తెరిచింది. ఒకనాడు ఇదే నోటితో ఇద్దరికీ కలిపి ఒక్క మాట అడిగింది. ఇప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పే మాటే లేదు. ఉండమంటే ఆంట్వాన్ మోకాలు పోతుంది, వెళ్ళమంటే రోడ్నీ వదులుకున్న చదువు ఇక తిరిగి రాదు. నోరు మూసుకుని, ఒక చెయ్యి వీడి మీద, ఒక చెయ్యి వాడి మీద వేసింది. అంతకన్నా ఏమీ చేతకాలేదు.

గోడ గడియారం ఐదు కొట్టింది. ఆంట్వాన్ చెయ్యి బల్ల మీద అలాగే ఉంది. ఫోన్ ఎవరూ ఎత్తలేదు, వాడి పేరు ఎంపికలోనే ఉండిపోయింది.

కాసేపటికి రోడ్నీ లేచి ఐస్ తీసి, గుడ్డలో మూటకట్టి, తమ్ముడి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "కాలు చాపరా" అన్నాడు. ఆంట్వాన్ చాపాడు. ఎడమచేత్తో మోకాలు పట్టుకుని, కుడిచేత్తో గుడ్డ చుట్టి ముడి వేశాడు రోడ్నీ.

"ఇక ముందు ఇది ఎవరు కడతారో" అన్నాడు తల ఎత్తకుండా.

 ఇద్దరూ కలిసే ఉండాలని ఎర్లీన్ అడిగింది, ఎవడో ఒకడు ఒంటరివాడు కాకూడదని. ఇప్పుడు ఇద్దరూ ఒంటరివాళ్ళే. ఎర్లీన్ లేచి, కేకు మీది గుడ్డ తీసి, రెండు ముక్కలు కోసి ఇద్దరి ముందూ పెట్టింది. రెండూ ఒకే అంత ఉన్నాయో లేదో కళ్ళనిండా నీళ్ళుండి ఆవిడకి కనబడలేదు.