పెంచలకృష్ణ బెండు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి పోవచ్చు, నేనేమీ అనుకోను. కృష్ణపట్నం నుంచి పులికాట్ దాకా పోలయ్య పేరు చెబితే అలలు పక్కకి తప్పుకుంటాయని మీకెవరూ చెప్పకపోతే అది మీ ఖర్మ. నలభై ఏళ్ళు సముద్రం మీద బతికినవాణ్ణి. పడవంత సొరచేపని ఒంటిచేత్తో తోక పట్టుకుని మైపాడు ఒడ్డుకి లాక్కొచ్చినవాణ్ణి. అలాంటి నేను, పట్టపగలు మూడు గంటలకి, ఒక తలుపుకి వీపు ఆనించి నిలబడి పంచె తడుపుకున్నాను. దెయ్యాలకి రాత్రే కావాలనేది వాటిని చూడనివాళ్ళ మాట.

పెంచలకృష్ణ మా అక్క కొడుకు. రెండేళ్ళ కింద కార్తీకంలో నేనూ వాడూ ఫైబర్ పడవ మీద వేటకి పోయాం. వల లాగుతుంటే అల కొట్టింది. వాడు పడిపోయాడు. నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. ఒడ్డున వాడి పెళ్ళాం సాయిలక్ష్మి, "ఆయనేడి మామా?" అని అడిగింది. వాడి కోసం మూడుసార్లు దూకానని చెప్పాను. నెల తిరిగేసరికి టీ బంకు దగ్గర అది ఐదైంది. ఏడాదికి ఏడు. ఏడోసారి వాడి జుట్టు నా వేళ్ళకి చిక్కి జారిపోయిందని చెబితే, బంకు బెన్హర్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

శవం దొరకలేదు. అలా పోయినవాడి వల బెండ్లని, అంటే వలని నీళ్ళమీద తేల్చే గుండ్రటి బిళ్ళల్ని, మా పల్లెలో పదకొండో రోజు సముద్రంలో వదిలేస్తాం. వెనక్కి చూడకుండా నడిచొచ్చేస్తాం. గడప దాటేటప్పుడు ఎవరైనా "పోయొస్తా" అంటారు గానీ "పోతా" అనరు గదా. చచ్చినవాడి దగ్గర మాత్రం ఆ రావడం మాట ఎత్తకూడదు. విన్నాడంటే పట్టుకుంటాడు.

సాయిలక్ష్మి ఒక బెండు దాచుకుంది.

మా తమ్ముడి కూతురు రేవతి నెల్లూరు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. దానికొక ఆట ఉంది. ఎక్కడో చెట్టు తొర్రలోనో బండ సందులోనో ఒక డబ్బా దాస్తారు. ఫోన్లో గుర్తు చూసుకుంటూ ఊరూ పేరూ తెలియనివాళ్ళు వచ్చి వెతుక్కుంటారు. కొన్నిటిలో నంబరు చెక్కిన బిళ్ళ ఒకటి ఉంటుంది. అది దొరికినవాడు ఉంచుకోకూడదు. ఇంకో ఊళ్ళో ఇంకో డబ్బా దాకా మోసుకుపోయి వదిలి, ఎక్కడ వదిలాడో ఫోన్లో ఆ నంబరు కింద రాయాలి. బిళ్ళకి మనకిష్టమైన వస్తువు కట్టి పంపొచ్చు. మనం ఇంట్లో కూర్చుని అది ఏ ఊరు పోయిందో చూసుకోవచ్చు.

"ఆయన నెల్లూరు దాటి ఏ ఊరూ ఎరగడు రేవతక్కా," అంది సాయిలక్ష్మి, బెండు కొంగులోంచి తీసి. "ఇదన్నా చూడనీ."

రేవతి బెండుకి రంధ్రం పెట్టి బిళ్ళ బిగించింది. చుట్టూ పది మంది ఆడవాళ్ళు. నలుగురు చూస్తుంటే నేను ఊరుకునే రకం కాదు. నాటకంలో రాజులాగా బెండుని రెండు చేతులా ఎత్తి, సముద్రం వైపు తిరిగి, గొంతెత్తి అన్నాను: "పోయిరా నాయనా. పోయిరా."

ముసలి కామమ్మ, "ఎవర్ని రమ్మన్నావో తెలిసే అన్నావా పోలయ్యా," అని లేచి వెళ్ళిపోయింది.

బెండు మద్రాసు పోయింది, బెంగళూరు పోయింది. ఫోటోలు వచ్చేవి. చెరువు గట్టు మీద బెండు, రైలు కిటికీలో బెండు, మంచుకొండ ముందు బెండు. సాయిలక్ష్మి అవి చూసి నవ్వేది. ఆ నవ్వు చూసి నేను చేసిన మేలని పల్లెంతా చెప్పుకున్నాను.

తర్వాత పుణెలో ఒకమ్మాయి రాసింది, బెండు నెలరోజులుగా బల్ల మీదే ఉంది, తడి ఆరడం లేదని. గోవాలో ఒకాయన రాశాడు, బెండు వచ్చినప్పటినుంచి మా కుక్క ఇంట్లోకి రావడం లేదని. ఆ తర్వాత రేవతి ఫోన్ చేసింది.

"పెదనాన్నా, బెండుని ఇప్పుడొక జర్మనీ ఆయన మోస్తన్నాడు. హంపిలో దొరికిందంట. తెలుగు ముక్క రాదాయనకి. నిద్రలో ఎవరో చెవి దగ్గర అడగతన్నారంట. విన్నది విన్నట్టు రాసినాడు."

"ఏమని?"

"ఎన్నిసార్లు, అని. ఎన్నిసార్లు మామా, అని."

ఫోన్ పెట్టేశాను.

అక్కడినుంచి దారి మళ్ళింది. కడప. రాపూరు. నెల్లూరు. ఒకరికొకరు తెలియని మనుషులు, ఎవరి పని మీద వాళ్ళు పోతూ, తలా కాస్త దూరం, వాణ్ణి ఇంటికి మోసుకొస్తున్నారు.

తుఫాను తీరం దాటే రోజు పొద్దున రేవతి మళ్ళీ చేసింది. కోవూరులో ఒకామె బెండు వదిలేసి, చచ్చినా మళ్ళీ ముట్టనని రాసిందట. "తర్వాత ఇందుకూరుపేట అని ఉంది పెదనాన్నా. మోసినోళ్ళ పేరు లేదు. అసలక్కడ మా డబ్బాలే లే..." లైను తెగిపోయింది.

ఇందుకూరుపేట తర్వాత మా పల్లే.

అందరూ తుఫాను షెల్టర్‌కి పోయారు. సాయిలక్ష్మి రాలేదు. నాకు రెండు భయాలు. వాడొచ్చి దాన్ని తీసుకుపోతాడని ఒకటి. తీసుకుపోయే ముందు దానితో మాట్లాడతాడని ఒకటి. ఏది పెద్దదో అడగొద్దు. గాలికి ఎగిరొస్తున్న ఇంటిరేకుల్ని అరచేత్తో తోసుకుంటూ పోయాను. పద్దెనిమిది రేకులు, లెక్కపెట్టాను.

సాయిలక్ష్మి ఇంట్లో కొవ్వొత్తి. ఎండుచేపల వాసన, తడిమట్టి వాసన. గడప దగ్గర నీళ్ళ బిందె ఉంది. వేట నుంచి వచ్చినవాడి కాళ్ళ మీద పొయ్యడానికి పెట్టే బిందె. అన్నం ఇద్దరికి వండి ఉంది.

"షెల్టర్‌కి పా అమ్మే," అన్నాను.

"ఆయనొచ్చేసరికి తలుపు మూసుంటే ఎట్ట మామా?"

గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడ్డాను. ఈ వీపు దాటి ఎవడొస్తాడో చూద్దామనుకున్నాను.

గాలి ఆగిపోయింది. వాన ఆగిపోయింది. పుట్టినప్పటినుంచి వింటున్న సముద్రం చప్పుడు... అదీ లేదు.

వాసన వచ్చింది. డీజిలు. ఉప్పు. తడిసిన జుట్టు.

అడుగు... నీళ్ళు కారిన చప్పుడు... అడుగు.

తలుపుకి అవతల, సరిగ్గా నా వీపు ఉన్నచోట, ఇంకో వీపు ఆనింది. చెక్కలోంచి చల్లదనం తెలిసింది.

"మామా."

గుసగుస. వాడి గొంతే.

"ఎన్నిసార్లు దూకినావు మామా?"

సాయిలక్ష్మి నా ముఖంలోకి చూసింది. "చెప్పు మామా. ఏడుసార్లు గదా. ఆయనకి చెప్పు."

నోరు తెరిచాను. ఏడు అనబోయాను. మాట రాలేదు... ఉప్పునీళ్ళు వచ్చాయి. నోటి నిండా. కక్కి, ఐదు అనబోయాను. ముక్కులోంచి కూడా వచ్చాయి. మూడు... ఊపిరి లేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. మోకాళ్ళ మీద పడ్డాను.

"దూకలేదు," అన్నాను.

గొంతులోకి గాలి వచ్చింది.

"పడవ అంచు పట్టుకుని కూర్చున్నా. వాడు పిలస్తానే ఉన్నాడు. చానాసేపు పిలిచినాడు. నేను దూకలేదు."

అవతల నవ్వు... చాలా మెల్లగా.

సాయిలక్ష్మి తిట్టలేదు. ఏడవలేదు. సామాను జరిపినట్టు నన్ను పక్కకి జరిపి గడియ తీసింది. బిందె ఎత్తి గడప అవతల నీళ్ళు పోసింది. బిందెడు నీళ్ళు పోసింది. నేల మీద పడిన చప్పుడు లేదు.

నేను కళ్ళు మూసుకున్నాను. ధైర్యం చాలక కాదు, కళ్ళలో ఉప్పు పడి.

"పోయొస్తా మామా," అంది.

కళ్ళు తెరిచేసరికి ఖాళీ బిందె. గాలి మళ్ళీ మొదలైంది. ఆ రాత్రి నన్ను షెల్టర్‌కి ఎవరు చేర్చారో తెలియదు. తెల్లారి తొమ్మిదింటి దాకా రెండొందల మంది మధ్య దుప్పటి కప్పుకుని పడున్నాను.

పల్లెలో అందరూ ఆ పిల్లని సముద్రం తీసుకుపోయిందన్నారు. కాదు. తుఫాను మర్నాడు ఏడింటికి మైపాడు నుంచి నెల్లూరుకి మొదటి బస్సు నడిచింది. సాయిలక్ష్మి అందులో ఎక్కి మూడు టికెట్లు తీసుకుంది. ఒకటి తనకి. ఒకటి పక్కన ఉన్నాయనకి అందిగానీ, పక్కన ఎవరూ లేరట. "మూడోది ఎవరికమ్మా?" అని కండక్టర్ అడిగితే, "మా మామకి. అదిగో, వెనక సీట్లో కూర్చోనుండాడు," అని చూపించింది. ఆ వేళకి నేనింకా షెల్టర్‌లోనే ఉన్నాను గానీ, కండక్టర్ నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగును. వెనక సీటుకి వచ్చి టికెట్టు నా చేతిలోనే పెట్టానంటాడు. చెయ్యి తడిగా ఉందంటాడు. పలకరిస్తే నేను తల తిప్పలేదంటాడు.

నెల్లూరు బస్టాండులో బస్సంతా దిగింది. నేను దిగడం మాత్రం తను చూడలేదంటాడు.

పోయి అడగండి. ఆయన పేరు జ్ఞానప్రకాశం.