పచ్చ దీపం వెలగని చాప

అంగారకుడి మీద అరుణపురి కాలనీలో శవాసనం వెయ్యనిదే ఎవరినీ డ్యూటీ ఎక్కనివ్వరు. పొద్దున్నే అందరూ తమ తమ చాపల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళూ చేతులూ వదిలేసి కళ్ళు మూసుకుంటారు. చాపలోని సెన్సర్లు కండరాల్లో పారే విద్యుత్తును చదువుతాయి. ఒంట్లో బిగువు వదిలితే పచ్చ దీపం, వదలకపోతే ఎర్ర దీపం. ఈ 'విశ్రాంతిమాపకాన్ని' కనిపెట్టింది డాక్టర్ అలివేణి. విడ్డూరమేమిటంటే, ఆవిడకే పచ్చ దీపం రావడం లేదు.

ఇవాళ కూడా రాకపోతే సాయంత్రం వ్యోమనౌకలో భూమికి పంపించేస్తారు. సగంలో ఉన్న పరిశోధన ఇంకెవరి చేతికో పోతుంది. ఆ దిగులుతో ఒళ్ళు మరింత బిగుసుకుంటోంది.

"ఒళ్ళు వదిలెయ్యండి మేడమ్," అన్నాడు అనుమతి మీట దగ్గర నిలబడ్డ సహాయ శాస్త్రవేత్త ఫణీంద్ర.

"వదిలేశానయ్యా! ఇంకెలా వదలాలి?"

"నాకేం అర్థం కావట్లేదండీ. నిన్న నడుం పట్టేసి మూలుగుతున్నా, నాకు పచ్చే వచ్చింది."

అలివేణి కళ్ళు తెరిచింది. నడుం పట్టేసినవాడికి పచ్చ ఎలా వస్తుంది? లోపం చాపదా, తనదా? కాలనీలోని చాపలన్నిటికీ మాట్లాడే యంత్రబుద్ధి ఒక్కటే. ఏమీ తోచక చాపనే అడిగింది.

"ఫణీంద్రకు పచ్చ ఎందుకు చూపించావు?"

"అబద్ధం చెప్పాను," అంది చాప తొణక్కుండా. "మొదట్లో అందరికీ ఎరుపే వచ్చేది. అది చూసి ఇంకా బిగుసుకుపోయేవారు. పచ్చ చూపిస్తే కాస్తయినా తేలికపడుతున్నారు. జనాన్ని సుఖపెట్టమనేగా నన్ను చేశారు?"

"మరి నాకెందుకు చూపించవు?"

"తయారుచేసిన మనిషికి మాత్రం అబద్ధం చెప్పకూడదని మీరే నియమం పెట్టారు."

ఫణీంద్ర తెల్లబోయాడు. "అంటే... నిజం పచ్చ ఎవరికీ రావట్లేదా?"

"ఎవరికీ."

అలివేణికి నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ తనకొక్కదానికే చేతకావడం లేదని ఎంత కుమిలిపోయింది! ఊరంతా ఇంతేనన్నమాట. ఆ సంగతి వినడానికి ఎంత హాయిగా ఉందో! భుజాలు వాటంతటవే వాలిపోయాయి. బిగించిన దవడ వదులైంది. ఊపిరి నెమ్మదించింది.

పచ్చ దీపం వెలిగింది.

"వచ్చేసింది మేడమ్! అలాగే ఉండండి, నొక్కేస్తున్నా," అంటూ ఫణీంద్ర మీట మీదికి చెయ్యి చాపాడు.

మాట్లాడకుండా పడుకుంటే చాలని అలివేణికి తెలుసు. కానీ మనసు ఊరుకోలేదు.

"ఇది నిజంగా నిజమేనా?" అని అడిగేసింది.

"మీరు అడిగేదాకా నిజమే," అంది చాప, ఎర్ర దీపం వెలిగిస్తూ.