బెత్తెడు పక్కకి

మార్చి గాలికి రాడ్‌మన్ వాళ్ళ దక్షిణపు చేను దుమ్మై లేచి రోడ్డు దాటుతోంది. టీగన్ రాడ్‌మన్ పికప్ లైట్లు వేసుకుని, హారన్ మోగించుకుంటూ, ముక్కు అద్దానికి ఆనించి నడుపుతోంది. అయినా రోడ్డు మధ్య ఆగి ఉన్న తెల్లబండి ఆమెకు కనిపించలేదు. కనిపించేసరికి దాని వెనక బంపరు ఊడి కిందపడింది.

తెల్లబండిలోంచి ఒక పొడుగాటి కుర్రాడు దిగాడు. బంపరు వంక చూడలేదు. టీగన్ వంకా చూడలేదు. బానెట్ మీద పేరుకున్న మట్టిని అరచేత్తో ఊడ్చి ప్లాస్టిక్ సంచీలో పోసుకోవడం మొదలుపెట్టాడు.

"పిచ్చా నీకు? నడిరోడ్డు మీద బండి ఆపుతావా?" అని అరిచింది టీగన్.

"ముందేం కనబడలేదు, ఆపాను. మీకూ ఏం కనబడలేదు, గుద్దారు," అన్నాడతను సంచీ మూతి ముడేస్తూ. "ఈ మట్టి ఎవరిదో తెలుసా అండీ?"

"మాదే. అయితే ఏంటి?"

"సగం నా కళ్ళల్లో ఉంది. ఎక్కడ దింపమంటారు?"

టీగన్‌కి ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం అలవాటు లేదు గనక ఒళ్ళు మండటాన్నే ఎంచుకుని, తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి టీ పోసుకుంటూ ఉండగా అదే తెల్లబండి బంపరు లేకుండా వాకిట్లో ఆగింది.

అతని పేరు ఆంటన్ వెల్లా. పెర్త్ నగరం నుంచి వచ్చిన వ్యవసాయ ఇంజనీరు. నేల దున్నకుండా, పాత పంట కొయ్యకాళ్ళని కదపకుండా, సన్నగా చీల్చి గింజని లోపలికి దింపే యంత్రం ఒకటి తయారు చేశాడు. దాన్ని పరీక్షించడానికి చేను కావాలి. రాడ్‌మన్ల ఊరు యెల్లారిన్ చుట్టుపక్కల అందరినీ అడిగాడు. అందరూ టీ ఇచ్చారు, చేను మాత్రం ఇవ్వలేదు. అక్కడ కొయ్యకాళ్ళు నిలిచిన చేనంటే తల దువ్వుకోని మనిషి కింద లెక్క.

"మిస్టర్ రాడ్‌మన్..." అని మొదలుపెట్టాడు.

"మిస్టర్ అంటే బ్యాంకువాడేమో అని గుండె ఆగుతుంది. క్లైవ్ అను చాలు," అన్నాడు టీగన్ తండ్రి. "నలభై ఏళ్ళుగా దున్నుతున్నా బాబూ. దున్నని చేను చూస్తే గడ్డం గీసుకోకుండా పెళ్ళికెళ్ళినట్టుంటుంది నాకు."

"గీస్తున్నది గడ్డం కాదు క్లైవ్, చర్మం. మీ దక్షిణపు చేను ఇప్పుడు పక్క ఊరికి వెళ్తోంది. నేను దార్లో కలిశాను."

వంటింట్లో టీగన్ తల్లి బెవ్ కిసుక్కున నవ్వింది. క్లైవ్ నవ్వలేదు. మొండివాడే గానీ కళ్ళున్నవాడు. ఆలోచించి, "సరే, దాన్నే తీసుకో. ఆ ఇసకలో ఎలాగూ ఏం పండదు. మూడేళ్ళు నీది. ఆ తర్వాత నాకు నమ్మకం కుదరకపోతే నాగలి పెట్టేస్తా. నువ్వు నీ గొర్రు సర్దుకుని ఇంటికెళ్ళు," అన్నాడు.

అలా ఆంటన్ రాకపోకలు మొదలయ్యాయి. విత్తేటప్పుడు వచ్చేవాడు, కోసేటప్పుడు వచ్చేవాడు, మధ్యలో ఏ పనీ లేనప్పుడు కూడా ఏదో పని ఉన్న మొహంతో వచ్చేవాడు. చేలో బోర్లా పడుకుని నేల చూసేవాడు.

"ప్రొఫెసర్! ఏ దేవుడికి మొక్కుతున్నావ్?" అనేది టీగన్ కంచె మీంచి.

"వానపాములకండీ. మీరూ రండి, ఇద్దరం మొక్కితే తొందరగా వరమిస్తాయేమో."

రెండో ఏడు చలికాలంలో, బెవ్ చేసిన కొబ్బరి కేకు ఆఖరి ముక్క దగ్గర ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలో ఆంటన్ నోటి నుంచి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ముక్క టీగన్‌కే దక్కింది. సగం విరిచి అతనికిచ్చింది. ఎందుకిచ్చిందో ఆ రాత్రి భోజనాల దాకా ఆలోచించింది.

ఈలోగా దక్షిణపు చేను లేవడం మానేసింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది బెవ్. తీగ మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు తెల్లగానే లోపలికి వస్తున్నాయని.

గాలి గొడవ తీరింది గానీ వాన గొడవ తీరలేదు. ఆ ఇసకకి నీళ్ళంటే గిట్టదు. వాన పడితే నూనె రాసిన పెనం మీద పడ్డట్టే, చుక్కలు పైపైనే దొర్లి పల్లానికి పోతాయి. లోపల పొడి పొడిగానే ఉంటుంది. రెండేళ్ళూ గోధుమ మొలక అక్కడో మూర, ఇక్కడో మూర వచ్చింది. క్లైవ్ చూసి వెళ్ళి నాగలికి గ్రీజు పెట్టేవాడు.

మూడో ఏడు వచ్చింది. ఈసారీ ఇంతే అయితే చేను మళ్ళీ నాగలి కిందికి పోతుంది, మళ్ళీ గాలికి లేస్తుంది. ఆంటన్ మరి రాడు. ఈ రెండింట్లో తనకు దేనికి నిద్ర పట్టడం లేదని టీగన్ తనని తాను అడుక్కోలేదు. జవాబు తెలిసిన ప్రశ్న అడగడం దేనికి?

*

ఏప్రిల్ చివర, వాన ఇంకా రాకముందే పొడినేలలో విత్తడం మొదలుపెట్టారు.

ట్రాక్టరు ఉపగ్రహాన్ని చూసుకుని తనంతట తానే గీత గీసినట్టు వెళ్తుంది. విత్తే మనిషి గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. కిందటేటి సాళ్ళ మీద కొత్త సాళ్ళు పడితే కొయ్యకాళ్ళు యంత్రానికి అడ్డుపడతాయి, అందుకని రెండు పాత సాళ్ళ మధ్య ఖాళీలో పడాలి. దానికోసం తెర మీద ఒక మీట నొక్కి గీతని బెత్తెడు పక్కకి జరపాలి. ఇంజన్ ఆపి మళ్ళీ వేస్తే ట్రాక్టరు అది మర్చిపోతుంది, మళ్ళీ నొక్కాలి. యెల్లారిన్‌లో పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది.

పొద్దున టీగన్ ఒక్కతే తూర్పు సగం విత్తింది. మధ్యాహ్నం గింజలు నింపడానికి ఇంజన్ ఆపింది. అప్పుడు ఆంటన్ బెవ్ ఇచ్చిన గుమ్మడికాయ వేసి కాల్చిన స్కోన్ బన్నుల డబ్బా పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కాడు. తెర మీద గింజ పడే లోతు సరిగ్గా చూపిస్తోందో లేదో చూడటానికట.

"మా అమ్మ అడిగింది," అన్నాడు పక్క సీట్లో ఇరుక్కుంటూ. "యెల్లారిన్‌లో గొర్రెలు కాక ఇంకెవరైనా ఉన్నారా అని."

"ఏం చెప్పావ్?"

"ఉన్నారన్నాను. గొర్రెల కన్నా మొండివాళ్ళని."

"ఎవర్ని గురించి ఆ మాట?"

"మీ నాన్నని గురించి."

"అబద్ధం."

"అవును," అన్నాడు ఆంటన్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ట్రాక్టరు కదిలింది. దానికి దారి తెలుసు. చేతులకీ కళ్ళకీ పని లేదు. అతని కనురెప్పల మీద సన్నగా దుమ్ము ఉంది. తుడవాలనిపించింది టీగన్‌కి. తుడవలేదు. తుడవకుండా ఉండటంతోనే ఆమెకు సాయంత్రం అయిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆంటన్ చేలో టేపు పట్టుకుని నిలబడి ఆమెను పిలిచాడు. "టీగన్, తూర్పు సగం బాగానే ఉంది. పడమటి సగం... అన్నీ పాత సాళ్ళ మీదే పడ్డాయి."

ఒక్క క్షణంలో ఆమెకు అంతా అర్థమైంది. నింపడం గుర్తుంది. ఇంజన్ వేయడం గుర్తుంది. స్కోను గుర్తుంది. మీట మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. పదో ఏట నుంచీ ట్రాక్టరు తోలుతున్న మనిషి!

చెప్పేదే. కానీ చెబితే తర్వాతి ప్రశ్న 'ఎలా మర్చిపోయావ్?' దానికి ఉన్న ఒకే ఒక జవాబు నోటి దాకా రాలేదు.

"ఉపగ్రహం... సిగ్నల్ తప్పుంటుంది," అంది.

ఆంటన్ ఆమె వంక చూశాడు. టేపు చుట్టుకున్నాడు. "అలాగా. తప్పుంటుంది," అన్నాడు మెల్లగా.

తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. మంచివాళ్ళతో ఇదే బాధ, అబద్ధం చెప్పిన మనిషికి కోపగించుకునే వీలు కూడా ఇవ్వరు. ఇంట్లో కూడా టీగన్ అదే మాట చెప్పింది. క్లైవ్ "ఊఁ" అని గ్రీజు డబ్బా వెతుక్కున్నాడు.

*

జూన్ మొదట్లో వాన వచ్చింది. వాన అనడం మర్యాద కోసం. ఆకాశం మొహం కడుక్కుని చేతులు విదిలించినట్టు, అరగంట కురిసి పోయింది.

వారం రోజులు టీగన్ చేను వైపు తల తిప్పలేదు. ఆ తర్వాత ఒక పొద్దున, ఇక తప్పదనుకుని వెళ్ళింది. తూర్పు సగం ఎప్పట్లాగే ఉంది. అక్కడో మూర, ఇక్కడో మూర. పడమటి వైపు తిరిగింది. తిరిగి, అలాగే నిలబడిపోయింది.

సాలు తప్పకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, బూడిదరంగు కొయ్యకాళ్ళ పక్కన పచ్చగా గోధుమ మొలక.

ఫోన్ తీసింది. "ఆంటన్! తొందరగా రా."

"ఏమైంది? చేను పోయిందా?"

"నువ్వు రా ముందు! మాటలు తర్వాత!"

అతను వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేళ్ళతో మట్టి తవ్వాడు. సాళ్ళ మధ్య పొడి ఇసక జారిపోయింది. సాలు కింద మాత్రం మట్టి తడిగా, నల్లగా, ముద్దగా చేతికంటింది. పిడికెడు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"పాత వేళ్ళు!" అన్నాడు. "పంట చచ్చిపోయినా వేళ్ళు వేసిన దారులు మూసుకోలేదు. దున్నలేదు కదా, ఎవరూ తెంపలేదు. వాన ఆ దారుల్లోంచి లోపలికి దిగింది. రెండేళ్ళుగా మనం గింజని ఆ తడికి బెత్తెడు దూరంగా వేస్తున్నాం టీగన్!"

ఆనందంతో అతను ఆమె చెయ్యి మట్టితో సహా పట్టుకున్నాడు. పట్టుకున్నానని గుర్తొచ్చాక కంగారుగా వదిలేశాడు. వదలకుండా ఉంటే బాగుండునని టీగన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం ఊరి రైతులంతా చేను చూడటానికి వచ్చారు. పికప్పులు వరసగా ఆగాయి. గట్టు మీద పెనం పెట్టి సాసేజీలు వేయిస్తున్నారు. ఆంటన్ చెప్పిందంతా విని రైతు సంఘం పెద్ద రస్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. క్లైవ్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొలక బాగుంది. కాదన్ను," అన్నాడు. "కానీ ఉపగ్రహానికి మతిపోయి అలా పడ్డాయని కదా మా అమ్మాయి చెప్పింది? మతిపోయినదాన్ని నమ్ముకుని వచ్చే ఏడు నేనెలా విత్తను? మళ్ళీ అలాగే పడతాయని ఎవరు పూచీ? అదృష్టాన్ని నమ్ముకుని మా తాత వ్యవసాయం చేశాడు, సగం భూమి పోయింది. ఈ పంట కోసుకుందాం. కోత కాగానే నాగలి పెడతా."

ఆంటన్ నోరు తెరిచాడు. టీగన్ వంక చూశాడు. మూసుకున్నాడు.

అతనికి తెలుసు. ఆ చూపుతో టీగన్‌కి అర్థమైంది. మొదట్నుంచీ తెలుసు, తెలిసీ తన కోసం ఊరుకున్నాడు. ఇప్పుడు చేను పోతున్నా, అతనే వెళ్ళిపోవలసి వస్తున్నా ఊరుకుంటాడు.

"ఉపగ్రహం బాగానే ఉంది నాన్నా," అంది గట్టిగా. "నేను అబద్ధం చెప్పాను. మీట నేనే నొక్కలేదు."

క్లైవ్ కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"నువ్వా?" అన్నాడు క్లైవ్. "నువ్వెలా మర్చిపోయావే?"

"చూస్తున్నాను."

"దేన్ని?"

ఈ ఊళ్ళో ఒక మాట పుడితే మనవలకి పెళ్ళిళ్ళయ్యే దాకా చెప్పుకుంటారు. టీగన్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

"ఆంటన్‌ని."

ఎవరో ఈల వేశారు. "హమ్మయ్య, ఇప్పటికి!" అంది బెవ్ గట్టు మీంచి.

"తెర నా ముందే ఉంది క్లైవ్," అన్నాడు ఆంటన్, చెవుల దాకా ఎర్రబడి. "దాన్ని చూడటమే నా పని. మధ్యాహ్నమంతా ఒక్కసారి కూడా చూళ్ళేదు."

"మరి నువ్వేం చూశావయ్యా?"

"మీ అమ్మాయినే."

క్లైవ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఆ మధ్యాహ్నమంతా నా ట్రాక్టర్ని ఎవరూ తోలలేదన్నమాట!"

రస్ మొదలుపెట్టిన నవ్వు పికప్పుల చివరి దాకా పాకింది. నవ్వు తగ్గాక క్లైవ్ వంగి ఒక మొలకని వేలితో నిమిరాడు. "సాళ్ళు ఎక్కడ పడ్డాయో తెలుసు కాబట్టి మళ్ళీ అక్కడే వేయొచ్చు?"

"వేయొచ్చు నాన్నా. కళ్ళు మూసుకుని వేస్తాను."

"అలా వేసే కదా ఇంతదాకా వచ్చింది," అన్నాడు క్లైవ్. గొంతు సవరించుకుని ఆంటన్ వైపు తిరిగాడు. "నాగలి షెడ్డులోనే ఉంటుందిలే. కానీ ఒక్క ఏడు చూసి ఏదీ తేల్చకూడదు. ఇంకా ఎన్నేళ్ళు ఉండాలి నువ్వు?"

"నాకైతే ఉండిపోవాలని ఉంది," అన్నాడు ఆంటన్. "టీగన్ ఒప్పుకుంటే."

ఊరంతా టీగన్ వైపు తిరిగింది.

"ఒప్పుకోకపోతే ఇంతమందిలో పరువు తీసుకుంటానా, మొద్దూ!" అంది టీగన్. ఈసారి అతని చెయ్యి ఆమే పట్టుకుంది. అతను కంగారుపడలేదు, వదల్లేదు.

అప్పుడే గట్టు మీంచి పొగ లేచింది. "సాసేజీలు మాడిపోతున్నాయ్! ఎవరైనా చూస్తున్నారా?" అని బెవ్ కేక పెట్టింది.

"ఈ పొలంలో చూడాల్సినవి ఎవరు చూస్తున్నారు గనక!" అని క్లైవ్ తనే పటకారు అందుకుని, కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి నడిచాడు.