వానపాముకి ఒక మాట

ఆ రోజు నేను చేయాల్సిన పనులు ఇవి. షాపు షట్టర్ ఎత్తి అద్దాల కౌంటర్ తుడవాలి. బాగుచేసిన ఫోన్లకి ఏది ఎవరిదో చీటీలు అంటించాలి. నాన్న కళ్లజోడు రిపేరుకి ఇవ్వాలి. అమ్మ చెప్పిన కుక్కర్ రబ్బరు కొనాలి. ఉద్యోగం దరఖాస్తుకి ఫొటో సైజు తగ్గించాలి. కస్టమర్లతో వాదన పెట్టుకోకూడదు. ఈ ఆఖరిది మా ఓనరు చేర్చాడు.

మిగతావన్నీ సాయంత్రానికి ఎలాగో అయ్యాయి. ఆఖరిది మాత్రం షట్టర్ ఎత్తిన కాసేపటికే చెడింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా కూర్చోకూడదని నాన్న తన స్నేహితుడి ఫోన్ రిపేరు షాపులో పెట్టాడు. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ని. ఆయన నన్ను "ఒరేయ్ డిగ్రీ" అనేవాడు. నా పట్టాని రోజూ తలుచుకున్నది ఆయనొక్కడే.

వాన మొదలైంది. ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి షాపు మెట్టెక్కింది. తల తడిసింది, భుజాలు తడిశాయి, చేతిలోని ఫోన్ మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో పొడిగా ఉంది.

"దీని బ్యాటరీ ఒకసారి చూస్తారా?"

బటన్ నొక్కాను. కంపెనీ లోగో వచ్చింది. కాసేపు వెలిగింది. తెర నల్లబడింది. మళ్లీ లోగో వచ్చింది.

"బ్యాటరీ బాగానే ఉందండీ. రూట్ చేయబోయారా?"

"అంటే?"

"ఫోన్ లోపలి తాళాలన్నీ మన చేతికి వచ్చేలా చేయడం."

"అబ్బే, నాకవన్నీ తెలీవు."

"మరి ఊరికే ఇలా అవదే. లోగో దాకా వచ్చి వెనక్కి పోతోంది."

"సిగ్గేమో. కొత్తవాళ్లని చూస్తే దానికంతే."

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. లోపల బల్ల దగ్గర కూర్చున్న బాబాయ్ తల ఎత్తకుండానే, "ఒరేయ్ డిగ్రీ, రీసెట్ కొట్టి ఇచ్చెయ్. చిటికెలో పని," అన్నాడు.

ఆమె చటుక్కున ఫోన్ లాక్కుంది.

"రీసెట్ అంటే లోపలున్నవన్నీ పోతాయిగా?"

"పోతాయి."

"అయితే మీరు ముట్టుకోవద్దు."

"ముట్టుకోకుండా బాగుచేయడం నేనింకా నేర్చుకోలేదండీ."

"నేర్చుకున్నదేమిటో మరి!"

"నిజం చెప్పే కస్టమర్ దొరికితే చూపిస్తాను."

బాబాయ్ గట్టిగా దగ్గాడు. అది నాకు హెచ్చరిక. నేను తుడిచిన కౌంటరే మళ్లీ తుడిచాను. ఆమె వాన వైపు చూసింది, మెట్టు దిగబోయింది, దిగలేక మళ్లీ కౌంటర్ దగ్గరికే వచ్చింది. ఆ వానకి నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను.

"రూట్ చేయబోయాను," అంది, ఈసారి గొంతు తగ్గించి. "వీడియో చూసి. తిట్టకండి."

"ఎందుకు చేయబోయారు?"

ఆమె చెప్పింది. ఆమెని పెంచింది అమ్మమ్మ. చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఫొటో అంటేనే మొహం తిప్పేసుకునే మనిషి కాబట్టి ఒక్క వీడియో కూడా లేదు. ఆ గొంతు మిగిలింది ఈ ఫోన్‌లోనే. ఉద్యోగానికని ఈ అమ్మాయి వేరే ఊళ్లో ఉన్నప్పుడు అమ్మమ్మ రోజూ చేసిన కాల్స్‌ని ఏదో యాప్ దానంతటదే రికార్డు చేసి దాచింది.

"వింటే సరిపోయేదిగా?"

"ఆ యాప్ కంపెనీ మూతపడింది. తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇస్తే సరిచూడ్డానికి అవతల ఎవరూ లేరు. ఫైళ్లు యాప్ లోపలి గదిలో ఉండిపోయాయి. రూట్ చేస్తే ఆ గది తలుపు తెరుచుకుంటుందని వీడియోలో చెప్పాడు."

"నిజమే చెప్పాడు. ఏ ఫైలు ఎక్కించారు?"

"ఈ మోడల్‌కి దొరకలేదు. దీని పేరు చివర 'ప్రో' అని ఉన్నదానికి దొరికింది. ప్రో అంటే ఇంకా మంచిదేగా అనుకున్నా."

నేను తల పట్టుకున్నాను. "మీరేం పని చేస్తారండీ?"

"ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తా."

"గ్రూపు చూడకుండా రక్తం ఎక్కిస్తారా?"

ఆమె మొహం పాలిపోయింది. ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"బతుకుతుందా, డాక్టరుగారూ?" అంది. ఎగతాళిగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి ఫోన్ని రెండు చేతులా పట్టుకుంది.

"చెడింది మొదట లేచే భాగమొక్కటే. లోపలివి అలాగే ఉంటాయి. ఈ ఫోన్‌కి కొత్త ఫైళ్లు ఎక్కనివ్వని బయటి తాళం ముందే తీసి ఉంది కాబట్టి సరిపోయింది. మీరు తీసుంటే అప్పుడే అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి."

"సెకండ్ హ్యాండ్‌లో కొన్నా."

"ఆ మొదటి ఓనరు చల్లగా ఉండాలి. రీసెట్ మాత్రం కొట్టను. ఒట్టు."

"నేను లేకుండా ముట్టుకోకూడదు."

"సరే, ముట్టుకోను."

అలా ఆమె డ్యూటీ దిగి రోజూ సాయంత్రం షాపుకి రావడం మొదలైంది. నిజానికి ఆమె లేకపోయినా నేను చేసేయొచ్చు. ఆ సంగతి బాబాయ్‌కీ తెలుసు, నాకూ తెలుసు. నిజం చెప్పలేదని కస్టమర్‌తో తగువాడినవాణ్ని, నేను చెప్పనిది మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

మొదట కంప్యూటర్ ఫోన్‌ని గుర్తించలేదు. ఫోన్ని గుర్తుపట్టే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. వేరే పోర్టులో పెట్టాను. ఊహూఁ.

"మీ కంప్యూటర్‌కి కూడా సిగ్గేనా?" అంది.

"కేబుల్ ఎక్కడిది?"

"దానితో పాటు వచ్చిందే. ఛార్జింగ్ బ్రహ్మాండంగా ఎక్కుతుంది."

"ఛార్జింగ్ ఒక్కటే ఎక్కుతుంది. దీని లోపల మాట పోయే తీగలే లేవు."

వెంటనే నాలుక కరుచుకున్నాను. మాట పోవడం గురించి ఆమె దగ్గర అనాల్సింది కాదు. ఆమె మాత్రం నవ్వేసింది. "మా అమ్మమ్మకి కూడా అంతే. తిండి బాగానే ఎక్కుతుంది."

కేబుల్ మార్చాం. కంప్యూటర్ గుర్తించింది. ఇక కావాల్సింది ఫోన్ సరిగ్గా ఏ వెర్షనో తెలుసుకోవడం. ఫోన్ లేవదు కాబట్టి రికవరీ తెరలోకి వెళ్లి, పైన సన్నటి అక్షరాల్లో ఉన్న నంబరు చదవాలి. ఆ కింద మెనూ ఉంటుంది. అందులో ఒక వరస అన్నీ తుడిచేసేది. ఈ ఫోన్ వాల్యూమ్ బటన్ అరిగిపోయి, ఒకసారి నొక్కితే రెండు మూడు వరసలు దూకేది.

"నేను పట్టుకుంటా. సూది గుచ్చే చెయ్యి నాది, వణకదు," అంది. "మీరు చదవండి."

చదవాలంటే దగ్గరికి వంగాలి. ఆమె జుట్టులోంచి ల్యాబ్ స్పిరిట్ వాసన, ఏదో సబ్బు వాసన కలిసి వచ్చాయి. నంబరు కనిపిస్తోంది, బుర్రకి ఎక్కడం లేదు.

"చదువుతున్నారా, ధ్యానం చేస్తున్నారా?"

"డి..."

"డి ఫర్?"

"డిగ్రీ," అన్నాడు బాబాయ్ వెనక నుంచి. "ఒక్క ఫోనుకి ఇన్నాళ్లేంట్రా? ఈపాటికి పెళ్లి సంబంధమైనా కుదిరేది."

ఆమె చెయ్యి వణకలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

నంబరు దొరికింది, ఆ నంబరుకి సరిపడే ఫైలు దొరకలేదు. ఆ మోడల్ కొద్దిమందే కొన్నారు. తయారుచేసినవాళ్లే దాన్ని మర్చిపోయారు. రూటింగ్ గురించి మాట్లాడుకునే ఫోరం ఒకటుండేది. అందులో ఏ లింకు నొక్కినా ఖాళీ పేజీయే. మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని ఆ పాత పేజీలు తిప్పాం. ఆమె కళ్లజోడు అద్దాల్లో తెర వెలుగు పాకుతుంటే నేను అప్పుడప్పుడూ తెర వదిలేసి అద్దాలే చదివాను.

"దొరక్కపోతే?" అంది ఒక సాయంత్రం. "ఉన్నదున్నట్టు దాచుకోనా? బాగుపడకపోయినా లోపల ఆవిడ గొంతు ఉందన్న ధైర్యమైనా ఉంటుంది."

నేను ఇంకో పేజీ తిప్పాను. రేపు దొరుకుతుందని చెప్పడం తేలికే. దొరకకపోతే ఆ మాట కూడా ఆమె మోయాలి.

ఆ వారమే, చిట్టచివరి పేజీలో, ఒకే ఒక్క లింకు పనిచేసింది. పెట్టిన మనిషి పేరు వానపాము. ఇంగ్లీషు అక్షరాల్లోనే అనుకోండి, కానీ వానపాము. కింద తెలుగులో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. "ఈ మోడల్‌ని ఎవరూ పట్టించుకోరు. నా ఫోన్‌లోంచి తీసి పెట్టాను. పనిచేస్తే ఒక మాట చెప్పండి." అది పెట్టి ఏళ్లయింది. కింద ఒక్కరూ ఒక్క మాటా చెప్పలేదు.

నంబరు చూశాను. ప్రతి అక్షరం మా నంబరే.

"అదే గ్రూపా?" అంది కళ్లజోడు సర్దుకుంటూ.

"అదే గ్రూపు."

ఎక్కించాను. ఫోన్ లేచింది. లోగో వచ్చింది. తెర నల్లబడే క్షణం దాటిపోయింది, లోగో ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె ఎప్పుడు పట్టుకుందో నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. తర్వాత తెర మీద బొమ్మ వచ్చింది. బాబాయ్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే టీ తేవడానికి వెళ్లిపోయాడు.

"ఇక చాలు," అంది ఆమె. "మళ్లీ ఏమీ ఎక్కించొద్దు. నాకు భయం."

"ఇప్పుడు ఆపితే ఫోన్ దక్కుతుంది, గొంతు దక్కదు. ఆ గది తలుపుకి తాళం అలాగే ఉంది." తెర మీది ఫైలు చూపించాను. "ఈసారి ఈ ఫైలునే తీసుకుని అందులోనే మార్పు చేస్తాను. తేడా వస్తే అసలు ఫైలు చేతిలో ఉంది, మళ్లీ ఎక్కిస్తాను. అయినా ఫోన్ మీది. వద్దంటే ఇక్కడితో ఆపేస్తా."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. "నిజం చెప్పే డాక్టరు దొరికాడు," అని ఫోన్ నా అరచేతిలో పెట్టింది.

తలుపు తెరుచుకుంది. లోపల వరసగా ఫైళ్లు. వాటికి పేర్లు లేవు, తేదీలే. అన్నీ కాపీ చేశాను. ఆమె ఒక్కటి కూడా వినలేదు.

"అమ్మమ్మ దగ్గరే వింటా. మీరూ రండి."

వాళ్ల ఇల్లు రెండు గదులు. అమ్మమ్మ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్లో పలక. మాట పోయాక ఆవిడ మాటలన్నీ పలక మీదే. మనవరాలు ఫోన్ని ఆవిడ దిండు మీద పెట్టి ఒక తేదీ నొక్కింది.

గది నిండా గొంతు లేచింది.

"ఏమే, తిన్నావా? ఏం తిన్నావ్? బిస్కెట్లా? బిస్కెట్లు తిండి ఎప్పుడయ్యాయే? ఫోన్ పెట్టెయ్, పెట్టేసి తిను. ఆగాగు, పెట్టకు, ఇంకో మాటుంది..."

అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందని కంగారుపడి లేచాను. నవ్వుతోంది. చప్పుడు లేని నవ్వు, కళ్లనిండా నీళ్లు. పలక మీద రాసింది: "నేనింత గయ్యాళినా?"

"ఇది తక్కువే అమ్మమ్మా. ఇంకోటి పెట్టనా?" అంది మనవరాలు ముక్కు తుడుచుకుంటూ.

ఆవిడ పలక తుడిచి, ఈసారి నా వైపు తిప్పి రాసింది: "నువ్వు తిన్నావా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

తిన్నాక, ఆమె నా పక్కన కూర్చుని ఫోరం తెరిచింది. వానపాము అడిగిన ఒక్క మాట బాకీ ఉంది. రాసి, పైకి చదివింది: "మీ ఫైలు పనిచేసింది. మన అమ్మమ్మ గొంతు మనకి దొరికింది."

'మా అమ్మమ్మ' అని ఉంటే అందులో నేను ఉన్నానో లేనో తెలిసేది కాదు. ఆమె 'మన' అంది, అదీ నా మొహం చూస్తూ.

టీచరమ్మ మాత్రం వెంటనే సుద్ద అందుకుంది. "తప్పు. 'మా' అనాలి. 'మన' అంటే చదివేవాళ్లూ కలుస్తారు."

"కలవనీ అమ్మమ్మా. వానపాము కలిస్తే మనకేం నష్టం?"

"వానపాము ఒక్కటేనా కలిసేది?" అన్నాను మెల్లగా.

"ఫోన్లు చాల్లేదా? డాక్టరుగారికి వ్యాకరణం కూడా కావాలా?" అంది. తల మాత్రం దించుకుంది.

"నాకు అర్థమైందే రాశారో లేదో తెలుసుకుందామని."

"అర్థమైందేగా? ఇంకెందుకు అడగడం?"

అమ్మమ్మ ఆమెని చూసింది, నన్ను చూసింది. పలక తుడిచింది. 'మన' అని పెద్దగా రాసి, పక్కన టీచర్లు పెట్టే రైటు గుర్తు పెట్టింది.

ఇదంతా ఫోన్ల వెనక మూతలు గోటితో తీసే కాలం నాటి మాట. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. బాబాయ్ మా పెళ్లిలో కనిపించినవాళ్లందరికీ ఫోన్ కథ చెప్పి, తానే రీసెట్ కొట్టమన్న సంగతి మాత్రం దాటేశాడు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ తిట్లున్నాయి. మా అమ్మాయి అన్నం దగ్గర మారాం చేస్తే అవే పెడతాం, పని జరుగుతుంది.

వానపాము నుంచి జవాబు రాలేదు. ఆ ఫోరం కూడా తర్వాత మూతపడింది. ఆ మనిషి ఆడో మగో, ఎక్కడుంటారో, మేం రాసిన మాట ఎప్పుడైనా చూశారో లేదో తెలీదు. ఎవరూ పట్టించుకోని ఫోన్ కోసం, ఎవరొస్తారో తెలీకుండా, తన దగ్గరున్నది తీసి పెట్టి వెళ్లిపోయారు.

మీకూ ఎప్పుడైనా ముక్కూ మొహం తెలీనివాళ్లు పెట్టిపోయిన దానితో ఏదైనా బాగుపడితే, కింద ఒక్క మాట రాసిపోండి. రాసేటప్పుడు వానపాముని ఒకసారి తలుచుకోండి. మన మనిషే.