మోగే చెయ్యి

పొద్దున్నే మొహం కడుక్కుని కుర్చీలో కూర్చోగానే మా అమ్మాయి కల్పలత వచ్చి నా ఎడమ చెయ్యి అందుకుంటుంది. మణికట్టు మీద చెవి ఆనించి కాసేపు వింటుంది. మోగుతోంది నాన్నా, అంటుంది. అప్పుడు గానీ నాకు టీ రాదు. అదీ అరకప్పే. కిడ్నీలు పాడైనవాడికి ఏదైనా కొలిచే పోస్తారు.

చేతిలో మోగేదేమిటో చెప్పాలి. నిరుడు ఆస్పత్రిలో ఎందుకైనా మంచిదని నా మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. రేపు డయాలిసిస్ చెయ్యాల్సి వస్తే సూదులు గుచ్చడానికి అదే దారి. రక్తం అందులో జోరుగా పారుతుంటే చర్మం కింద సన్నటి మోత వస్తుంది, వేలు ఆనించినా తెలుస్తుంది. నేను జీవితమంతా రేడియోలు బాగుచేసినవాణ్ణి. పాత వాల్వు రేడియో వేడెక్కేటప్పుడు అచ్చం అలాగే మోగేది. మోత ఆగిందంటే దారి మూసుకుపోయినట్టు. అందుకని రోజూ వినమని కల్పలతకు నేర్పి పంపారు.

ఆ దారి నాకు అక్కర్లేదని వానలు మొదలయ్యేటప్పుడే తేల్చి చెప్పాను. మా డాక్టర్ నాగజ్యోతి దాపరికం లేని మనిషి. నా వయసుకీ, బలహీనమైన గుండెకీ డయాలిసిస్ మిషన్ వల్ల ఆయుష్షు పెద్దగా పెరగకపోవచ్చనీ, ఉన్న రోజుల్లో సగం ఆస్పత్రిలోనే గడిచిపోతాయనీ చెప్పింది. మిషన్ వద్దంటే వదిలేసినట్టు కాదనీ, దురదకూ వాంతులకూ ఆయాసానికీ మందులిచ్చి ఇంట్లోనే తక్లీఫ్ లేకుండా చూస్తామనీ కూడా చెప్పింది. నేను ఇల్లే కోరుకున్నాను. కల్పలత పక్కనే కూర్చుని తలూపింది.

మర్నాడు మళ్ళీ వచ్చి చెయ్యి అందుకుంది. వద్దన్న దారికి కాపలా ఎందుకే అని అడిగితే, అలవాటైపోయింది నాన్నా అంది. విననీలే పాపం అని ఊరుకున్నాను.

నా పంతానికి కారణం సుభాన్. బోయిగూడలో నా దుకాణం పక్కనే కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. నాకంటే ముందు కిడ్నీలు పోగొట్టుకుని, మా ఆస్పత్రిలోనే డయాలిసిస్ మొదలుపెట్టాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. డయాలిసిస్ వార్డులో కిటికీ పక్క మంచం తనదేనని, పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టు మాట్లాడి నర్సులను నవ్వించేవాడు. తర్వాత తిండి పోయింది, నడక పోయింది. చివరికి నన్ను గుర్తుపట్టడం కూడా పోయింది. తెలివి వచ్చినప్పుడల్లా ఇగ చాలు బేటా అని కొడుకు చెయ్యి పట్టుకునేవాడు. ఆ కొడుకు జాకీర్ తండ్రంటే ప్రాణం పెడతాడు. అందుకే వినలేదు.

సుభాన్ డయాలిసిస్ మిషన్ మీదే పోయాడని ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. అల్వాల్‌లో మా ఇంటి నుంచి ఆటోలో ఒక్కణ్ణే వెళ్ళాను. గల్లీ నిండా జనం, పైన ఎండ. లోపలి గదిలో స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, ముఖం మాత్రం తెరిచి ఉంచారు. కర్పూరం, అత్తరు వాసన. దాని అడుగున ఆస్పత్రి స్పిరిట్ వాసన. తలవైపు జాకీర్ ఒక్కడే కూర్చున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. వెళ్ళొస్తా భాయ్ అనుకుంటూ గుడ్డ మీద నుంచే ఫిస్టులా ఉన్న సుభాన్ ఎడమ చేతిని తాకాను.

మోగుతోంది.

గభాల్న చెయ్యి తీసేశాను. నా చేతి మోతే అయి ఉంటుందనుకున్నాను. కానీ నేను తాకింది కుడిచేత్తో. మళ్ళీ ఆనించాను. గుడ్డ కింద చెయ్యి చల్లగా, కర్రలాగా ఉంది. ఆ చల్లటి చేతిలో... సన్నగా... ఆగకుండా...

జాకీర్ చూశాడు. మెల్లగా వచ్చి ఆ చేతి మీదుగా ఇంకో దుప్పటి లాగి, అంచులు లోపలికి దోపాడు. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎవ్వరికీ చెప్పకు చాచా."

"ఎప్పటి సంది?"

"పానం పోయినప్పటి సంది. ఆగుతలేదు." అతని కళ్ళలో తడి లేదు. "నేనే గద చాచా... ఆపొద్దన్నది."

అంతలో నలుగురూ లోపలికి వచ్చారు. తీసుకెళ్ళిపోయారు. మట్టి కింద కూడా అది మోగుతూనే ఉందేమో.

ఇంటికి రాగానే నా ఫిస్టులా మూయించెయ్యమని కల్పలతను అడిగాను. చూసింది మాత్రం చెప్పలేదు. చెబితే ముసలాయనకు బుర్ర చెడిందని నా మాటకున్న విలువ కూడా తీసేస్తారు. సోమవారం నాగజ్యోతి మేడమ్‌ను అడుగుదామంది. నేను వదల్లేదు.

"నాకేమైనా గానీ, మిషన్ మీద పండబెట్టకు."

"పెట్ట నాన్నా. ఒట్టు." నా తల మీద చెయ్యి వేసి చెప్పింది.

సోమవారం దాకా ఆగలేదు నా ఒళ్ళు. ఆదివారం భోజనాల వేళ ఊపిరి అందలేదు. ఛాతీలో నీళ్ళు నిండినట్టయింది. ఇలాంటప్పుడు వెయ్యమని నాగజ్యోతి ఇచ్చిన మందు అలమారలో ఉంది. కల్పలత అలమార తెరిచింది. సీసా చేతిలోకి తీసుకుంది. నా వైపు చూసింది... సీసా అక్కడే పెట్టి ఫోన్ అందుకుంది. వద్దని చెయ్యి ఊపబోయాను. చెయ్యి లేవలేదు.

ఒక్కసారే నాన్నా, ఒక్కసారే అంటూ ఏడుస్తున్న గొంతు చాలాసేపు నా వెంట వచ్చింది.

కళ్ళు తెరిస్తే కిటికీ. బయట వెలుతురు. సుభాన్ మంచం.

నా ఎడమచేతిలో సూదులు. పైపుల్లో ఎర్రగా నా రక్తం. మిషన్ తిరుగుతోంది. టెక్నీషియన్ సత్యదేవ్ కుడిచేతికి బీపీ పట్టీ చుట్టి మీట నొక్కాడు. అంకె రాలేదు. ఇంకోసారి నొక్కాడు. రాలేదు. పట్టీ మార్చాడు. వేలికి క్లిప్పు పెట్టాడు. తెర మీద చుక్కలే తప్ప ఏమీ లేవు. వేళ్ళు చల్లగున్నయ్, గందుకే వస్తలేదు అని గొణుక్కుంటూ వేరే క్లిప్పు కోసం వెళ్ళాడు.

నాకు ఆయాసం లేదు. దురద లేదు. ఇంత హాయిగా ఉందేమిటా అనుకున్నాను. ఊపిరి తీయడం లేదని కాసేపటికి తెలిసింది.

కుడిచెయ్యి ఎలాగో జరిపి గుండె మీద పెట్టుకున్నాను. వెతికాను. ఇటు... అటు... ఎక్కడా ఏమీ లేదు.

ఎడమచెయ్యి మాత్రం మోగుతోంది.

కల్పలత వచ్చింది. రోజూలాగే వంగి మణికట్టు పైన చెవి ఆనించింది. చాలాసేపు విన్నది. ఇగ చాలమ్మా అందామని నోరు తెరిచాను. గాలి లేని నోట్లోంచి మాట రాలేదు. ఆమె తల ఎత్తి అటూ ఇటూ చూసింది. దుప్పటి నా చేతి మీదుగా లాగి, అంచులు లోపలికి దోపింది. నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవ్వరికీ చెప్పకు నాన్నా."