రెండో వైపు రెయిలింగ్

"మీరు కట్టిన భవనంలో మా తాతయ్య ఇరుక్కుపోయారు. వచ్చి విడిపించండి."

ఫోన్ పెట్టేసి పరుగెత్తాను. పక్షవాతం వచ్చినవాళ్లకి మళ్లీ నడక నేర్పే ఆస్పత్రి అది. ఆర్కిటెక్టుగా నేను గీసిన మొదటి భవనం. పొడవాటి వరండా, చివర పెద్ద కిటికీ, అవతల తోట. పచ్చదనం చూస్తూ నడిస్తే కాలూ మనసూ రెండూ కుదుటపడతాయని ప్రారంభోత్సవంలో అరగంట ఉపన్యాసం కూడా దంచాను.

కిటికీ దగ్గర ఒక పెద్దాయన కుడిచేత్తో రెయిలింగ్ పట్టుకుని తోటని చూస్తున్నారు. ఆయన మనవరాలు, అక్కడి ఫిజియోథెరపిస్టు, నన్ను చూస్తోంది. ఆ చూపుకి నేను అక్కడే సగమయ్యాను.

"ఏమైందండీ?"

"తాతయ్యకి ఎడమ చెయ్యి పట్టులేదు. కుడిచేత్తో పట్టుకుని ఇక్కడిదాకా వచ్చారు. ఇప్పుడు వెనక్కి తిరిగితే మీ రెయిలింగ్ ఎటువైపు ఉంటుంది?"

ఎడమవైపు. రెండు గోడలకీ ఉంటే అందం చెడుతుందని ఒకటి తీసేయించిన ఘనుణ్ణి నేనే.

"పోనీ... వెనక్కి వెనక్కి నడిస్తే?"

"ఏదీ, మీరు నడవండి!"

నా ఎడమచేతిని గుడ్డతో కట్టేసింది. మోకాలికి కదలకుండా పట్టీ బిగించింది. నాలుగడుగులకే తూలాను. ఆమె భుజం పట్టుకుని ఆపింది. నేను పడలేదు గానీ, మనసు మాత్రం అప్పుడే పడిపోయింది.

వారంలో రెండో రెయిలింగ్ వేయించాను. పనంతా సరిగ్గా ఉందని ఆమె సంతకం పెడితే ఇక నాకక్కడ పనుండదు. రోజూ కాగితం పట్టుకెళ్లేవాణ్ణి, సంతకం పెట్టకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ.

"నడుమ కూర్చోడానికి బెంచీ ఏది?" అంది. వేయించాను. "మరీ కిందికుంది, లేవలేకపోతున్నారు." ఎత్తు పెంచాను. "నేల మెరుస్తోంది, తడేమోనని భయపడుతున్నారు." మార్పించాను.

ఆరోసారి, "కిటికీ బయట ఆ మొక్క వంకరగా ఉంది" అంది.

నాకు ఒళ్లు మండింది. "నా పనంటే మీకంత చులకనా? మొక్క వంకరైనా నా తప్పేనా?"

ఆమె మొహం ఎర్రబడింది. బెంచీ మీదున్న తాతయ్య కిసుక్కున నవ్వారు.

"ఇంకే తప్పూ దొరకట్లేదు తాతయ్యా, రేపాయన వస్తే ఏం చెప్పను అని రాత్రి నన్నే అడిగింది బాబూ. మొక్క సలహా నాదే."

"తాతయ్యా!"

"నాకెందుకమ్మా మీ గొడవ. ఆ మొక్క వంకరేదో చూసొస్తా."

ఆయన లేచి, రెయిలింగ్ పట్టుకుని కదిలారు. సాయం వెళ్లబోయిన మనవరాలిని కళ్లతోనే ఆపేశారు.

ఆమె గబగబా సంతకం గీకి కాగితం నా చేతిలో పెట్టింది. "అయిపోయింది. ఇక మీరు రానక్కర్లేదు."

"మీరంటే నాకిష్టం. పని లేకపోయినా వస్తాను" అన్నాను.

ఆమె బెంచీ మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"తిరిగొచ్చే దారి వేశారుగా. రండి" అంది మెల్లగా.

అడుగుల చప్పుడికి తలెత్తాం. తాతయ్య కుడిచేత్తో రెండో రెయిలింగ్ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా తిరిగొచ్చేశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మొక్క నిటారుగానే ఉంది" అన్నారాయన ఆయాసపడుతూ. "జరగండి. అది నాకోసం వేసిన బెంచీ."

ఇద్దరం జరిగాం, ఒకే వైపుకి.