పంతొమ్మిదో లైను ఎవరిది?

ఆ ల్యాబులో కిటికీ పక్కనున్న మూడో బల్లకి చెడ్డపేరుంది. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మానేశారట. ఒకాయనైతే కాఫీ కప్పు కూడా వదిలేసి పోయాడట. అర్ధరాత్రి దాటాక ఆ బల్లమీది సర్క్యూట్ బోర్డు తనంతట తానే చచ్చిపోతుందని, పోతూ పోతూ స్క్రీను మీద ఒకే ఒక్క వాక్యం రాస్తుందని చెప్పుకుంటారు —

"పంతొమ్మిదో లైను: ఎవరూ పట్టించుకోలేదు."

పగలు ఎంత పరీక్షించినా ఏమీ దొరకదు. బోర్డు బుద్ధిగా పనిచేస్తుంది. రాత్రయితేనే ఈ ఏడుపు.

ఒక రాత్రి ఆ బల్ల దగ్గర కూర్చునే ఖర్మ ఒక అమ్మాయికి పట్టింది. ఆమె పని డ్రైవర్లు రాయడం, అంటే కంప్యూటరుకీ దానికి తగిలించే వస్తువులకీ మధ్య మాట కలిపే ప్రోగ్రాములు. బంధువులు మాత్రం ఏ బస్సుకమ్మా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

తెల్లారి ఏడింటికి వాళ్ళమ్మకి గుండె ఆపరేషను. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికి వెళ్తా. లేదంటే ఇంటికొచ్చేస్తా," అని అమ్మ ఫోనులో తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. టీమ్ లీడరు ఇంకో మాట తెగేసి చెప్పాడు — "ఎనిమిదింటికి కొనేవాళ్ళొస్తారు. బోర్డు చావకుండా చేసి నీ ఇష్టం వచ్చినచోటికి వెళ్ళు." ఎందుకు చస్తోందో రెండేళ్ళుగా ఎవరికీ అంతుపట్టలేదు. ఆయనకేం, చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాడు.

ఒంటిగంట దాటింది. ఆమె నీళ్ళసీసా నింపుకోవడానికి వరండా చివరికి వెళ్ళింది... ఐదు నిమిషాలు కూడా కాలేదు... తిరిగొచ్చేసరికి స్క్రీను మీద ఆ వాక్యం. గదిలో ఎవరూ లేరు. బోర్డుకి మళ్ళీ ప్రాణం పోసింది.

దెయ్యమైతే మళ్ళీ వస్తుంది, రానీ... అనుకుని దీపాలార్పి బీరువా వెనక నక్కింది. అమ్మ గుర్తొస్తుంటే భయపడటానికి కూడా తీరిక లేకపోయింది.

రెండున్నర... మూడు...

తలుపు కిర్రుమంది. తెల్లటిదేదో బల్లవైపు జరిగింది. వంగింది. గుసగుసగా ఒక గొంతు —

"నేనున్నాగా తల్లీ... ఏడవకు..."

ఎక్కణ్ణుంచో సన్నగా జోలపాట మొదలైంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుని, లైటు వేసింది.

"అమ్మో!" అని దెయ్యమే అరిచింది.

వాచ్‌మన్ బాబాయ్! తెల్లచొక్కాతో నేలమీద కూలబడ్డాడు. బల్లమీద ఆయన ఫోను పాడుతోంది. దాని వైరు బోర్డు పోర్టులో గుచ్చి ఉంది.

"ఎవరికీ చెప్పకమ్మా," అని గొణిగాడు. "స్క్రీను మీది ఆ ఇంగ్లీషు మాటని ఫోనుతో ఫోటో తీసి మన భాషలో చదివించుకున్నా. ఎవరూ పట్టించుకోలేదట! ఎవరి బిడ్డో ఏమో, ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచి రోజూ వచ్చి రెండు పాటలు వినిపిస్తున్నా. ఇందాక నువ్వు నీళ్ళకెళ్ళినప్పుడు ఒకటి, ఇప్పుడు ఇంకోటి. ఛార్జింగు అయిపోతుందని వైరు ఇందులో పెడతా."

ఆమె స్క్రీను వంక చూసింది. అప్పుడే పడింది ఆ వాక్యం.

విషయమంతా ఆ వైరులోనే ఉంది. ఆ పోర్టుది రెండు వేషాల బతుకు. పెన్‌డ్రైవ్ తగిలిస్తే దొర, కంప్యూటరుకి తగిలిస్తే నౌకరు. ఒక్కో వేషానికి ఒక్కో ప్రోగ్రాము, ఇద్దరికీ కలిపి పిలుపుగంట మాత్రం ఒకటే. అదే పంతొమ్మిదో లైను. రెండు వాటాల ఇంటికి ఒకే కాలింగ్ బెల్లున్నట్టు! మోగితే ఇద్దరూ తొంగిచూసి, నాదనో నాది కాదనో చెప్పాలి. ఒకరు నాదనేదాకా అది ఆగదు. లక్షసార్లు మోగినా ఎవరూ నాదనకపోతే ఇంటి ఓనరు, అంటే బోర్డుని నడిపే అసలు ప్రోగ్రాము, విసుగెత్తి బెల్లు తీగ కోసేస్తాడు. ఎవరూ పట్టించుకోలేదని రాసి మరీ పోతాడు.

పగలు అందరూ వైరు పెట్టాకే బోర్డు ఆన్ చేస్తారు. ఆన్‌లో ఉన్న బోర్డుకి వైరు గుచ్చే మహానుభావుడు బాబాయ్ ఒక్కడే. గుచ్చగానే వేషం మారిందని గంట మోగుతుంది. దొర ప్రోగ్రాము నాది కాదంటుంది, నౌకరు ప్రోగ్రామూ నాది కాదంటుంది. రాసిన ఇద్దరూ అది అవతలివాడి పనే అనుకున్నారు.

అంటే అది ఏడుస్తోందని ఈయన ఓదారుస్తున్నాడు, ఈయన ఓదారుస్తున్నందుకే అది ఏడుస్తోంది. ఆమె కడుపుబ్బ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

వేషం మారే కబురు దొరే చూసుకోవాలని ప్రోగ్రాములో పదకొండు వరసలు రాసింది. బాబాయ్ నలభైసార్లు గుచ్చి నలభైసార్లు పీకాడు. బోర్డు కిక్కురుమనలేదు. ఐదున్నరకి వైరు తీసి ఆయన చేతిలో పెట్టి సంచి భుజాన వేసుకుంది.

"ఇక ఏడవదు బాబాయ్. తప్పంతా నీ ఫోనుదే."

బాబాయ్ బుర్ర గోక్కున్నాడు. "అది సరేనమ్మా... ఏడ్చిందనే కదా నేను పాట పెట్టడం మొదలుపెట్టింది? మరి మొదటిసారి... ఎవరు గుచ్చినట్టు?"

ఆమె చెయ్యి తలుపు పిడిమీదే ఆగిపోయింది.

వెనక స్క్రీను వెలిగింది. ఖాళీ పోర్టు... వైరు లేదు... గంట మోగుతోంది. వెయ్యి... పదివేలు... మోగినసార్ల అంకెలు పరుగెడుతున్నాయి.

సంచిలో ఫోను మోగింది. "బయల్దేరావా? ఇక్కడ నాకు బట్టలు మార్చేశారే!" అంది అమ్మ.

"వచ్చేస్తున్నానమ్మా." ఫోను పెట్టేసి, బల్లవైపు తిరిగి, లోగొంతుకతో క్షమాపణ అడిగినట్టు అంది — "నాది కాదు."

"నాదీ కాదు," అన్నాడు బాబాయ్, అప్పటికే మెట్లు దిగిపోతూ.

ఏడింటికి అమ్మ ఆమె చెయ్యి పట్టుకునే ఆపరేషన్ గది తలుపుదాకా వెళ్ళింది. ఎనిమిదిన్నరకి టీమ్ లీడరు ఫోను చేశాడు.

"శభాష్! బోర్డు బతికే ఉంది, కొనేవాళ్ళు పట్టుకుపోయారు. కానీ స్క్రీను మీద ఆ పిచ్చిరాత ఎందుకు రాశావ్? అందరూ నవ్వారు."

"ఏం రాత సార్?"

"అదే... 'పంతొమ్మిదో లైను: ఈసారికి నేను చూసుకుంటాలే... నువ్వు అమ్మ దగ్గరికి వెళ్ళు' అని."